కొలత తప్పిన శ్యామన్న

శ్యాంసుందర్‌కు కొలవడం చేతకాదని ఇప్పుడు మట్టెవాడలో ఎవరిని అడిగినా చెబుతారు. అలా చెప్పేవాళ్లలో సగం మంది ఇళ్లకు వేలాడుతున్న పరదాలు ఆయన కొలిచినవే. కుట్టింది నేనే కాబట్టి ఆ సంగతి నాకు బాగా తెలుసు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా నాకు ఒళ్లు మండిపోతుంది. ఎవరితోనూ అసలు సంగతి అననని ఆయన నాచేత ఒట్టు వేయించుకున్నాడు. అనను. కాగితం మీద రాయనని మాత్రం నేను ఒట్టు వేయలేదు. తెలియకూడని మనిషికి ఎలాగూ చదువు రాదు.

నా పేరు గోపాల్. టైలర్ని. శ్యామన్న దుకాణం ముందు అరుగు మీద నా మిషను ఇరవయ్యారేళ్లు నడిచింది. దుకాణం పెట్టింది ఆయన తండ్రి గట్టయ్య. కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలు సైకిలు మీద వేసుకుని ఊళ్లు తిరిగి అమ్మిన మనిషి, చివరికి మట్టెవాడలో రెండు షటర్ల దుకాణం కట్టాడు. ముందు దుకాణం, వెనక ఇల్లు, పైన డాబా. జంపఖానాలు, దుప్పట్లు, దిండు గలేబులు, పరదాలు. ఇంట్లో పెళ్లి ఉంటే బంగారానికి ఎక్కడికి పోయినా, పరుపు మీదకీ కిటికీ మీదకీ మాత్రం జనం గట్టయ్య దగ్గరికే వచ్చేవారు.

అలా రావడానికి ఒక కారణం ఉంది. నూలు బట్ట మొదటి ఉతుకులోనే గుంజుకుపోతుంది. మిగతా దుకాణాల్లో బట్ట తాను విప్పి, కోసి, కుట్టి ఇచ్చేసేవారు. నెల తిరిగేసరికి ఆ పరదా కిటికీ సగానికి ఎక్కి కూర్చునేది. గట్టయ్య దగ్గర తడపని బట్టకు కత్తెర పెట్టే ప్రసక్తే లేదు. తాను వచ్చిన రోజే వెనక నీళ్ల హౌజులో నానెయ్యాలి. తెల్లారి జాడించి డాబా మీద ఆరేసి, ఇస్త్రీ చేసి, ఆ తర్వాతే కొలవాలి. ఆ తడిపే పనంతా ఆయన భార్య మొగిలమ్మది. ఆమె మగ్గాల ఇంట పుట్టింది. చేత్తో ముట్టుకుంటే చాలు, బట్టలో గంజి ఎంత, నూలు ఎంత అన్నది చెప్పేది. నేను ఆమెను పెద్దమ్మ అంటాను. ఆమె తడిపిన బట్ట మీద ఒక్క ఫిర్యాదు రావడం నేను చూడలేదు.

తండ్రి పోయాక దుకాణం శ్యామన్న చేతికి వచ్చింది. ఆయనకు బేరం చేయడం రాదు, మాటలు చెప్పి అమ్మడం అంతకన్నా రాదు. వచ్చిందల్లా కొలవడం. కొలవడంలో ఆయనకు ఆయనే సాటి. చెప్పులు విడిచి, స్టూలు ఎక్కి, ఒక్కో కిటికీని ఎడమవైపు ఒకసారి, నడుమ ఒకసారి, కుడివైపు ఒకసారి కొలుస్తాడు. మట్టెవాడ పాత ఇళ్లలో ఏ గోడా నిటారుగా ఉండదు కదా. ఒకసారి ఒక కొత్త ఇంట్లో మేస్త్రీ ముందే, రెండు కిటికీలకు ముప్పావు అంగుళం తేడా ఉందన్నాడు. మేస్త్రీ కస్సుమన్నాడు. కొలిచి చూశారు. ముప్పావు అంగుళమే. ఆ రోజంతా శ్యామన్న ముఖం చూడాలి, పెళ్లికొడుకులా ఉన్నాడు.

ఇదంతా జనం ఫోన్లలో పరదాలు కొనడం మొదలుపెట్టకముందు సంగతి. తర్వాత దుకాణానికి వచ్చేవాళ్లు బట్టను తడిమి చూసి, ఫోటో తీసుకుని, ఇంటికెళ్లి అదే రంగు ఫోన్లో తెప్పించుకోసాగారు. ఒకామె అయితే మా ముందే నిలబడి తెప్పించుకుంది. నేను ఏదో అనబోతే శ్యామన్న నా కాలు తొక్కాడు. రోజూ తొమ్మిదింటికి షటరు ఎత్తేవాడు. మడతపెట్టి ఉన్న దుప్పట్లనే మళ్లీ విప్పి మడతపెట్టేవాడు. నేను మిషను మీద మోచేతులు ఆనించుకుని రోడ్డు మీద పోయేవాళ్లను తిట్టుకునేవాణ్ణి.

దుకాణం అన్నదమ్ములిద్దరిదీ. తమ్ముడు ఓంప్రకాశ్ హనుమకొండలో ఉంటాడు, ఉద్యోగం. చెడ్డవాడని అనను. మొన్న ఫిబ్రవరిలో వచ్చి గల్లా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"అన్నా, ఫోన్ల షోరూమోల్లు కిరాయికి అడుగుతాండ్రు. రెండు షటర్లు గావాల్నట. నేను నీ కడుపు గొడ్తలేను. కానీ ఎన్ని రోజులని గిట్ల ఈగలు తోలుకుంట కూసుంటవ్?"

"నాయిన పెట్టిన దుకాణం ఓంప్రకాశ్."

"నాకు మాత్రం నాయిన గాదా? మిరుగం దాక చూద్దాం. ఏదన్న పెద్ద పని దొరికితే నువ్వే నడుపుకో, నేను నోరెత్త. లేకుంటె ఇచ్చేద్దాం."

మిరుగం అంటే జూన్ మొదటి వారం దాటాక, తొలకరి వేళ. శ్యామన్న సరేనన్నాడు. నాలుగు నెలల్లో ఏ దేవుడు దిగివస్తాడని ఒప్పుకున్నాడో నాకు అర్థం కాలేదు.

దేవుడు రాలేదు గానీ, ఏప్రిల్లో రాజశ్రీ వచ్చింది. మడికొండ ఐటీ పార్కు దగ్గర ఆడపిల్లలకు హాస్టలు కట్టింది. అందులో ఉండబోయేవాళ్లలో చాలామందికి రాత్రి డ్యూటీలు. పగలు పడుకోవాలి. అందుకని అరవై కిటికీలకు వెలుగు చొరబడని పరదాలు కావాలంది. మిట్టమధ్యాహ్నం కూడా గది చీకటిగా ఉండాలి. వాళ్ల అమ్మగారింట్లో గట్టయ్య నాటి పరదాలు ఇంకా ఉన్నాయట, ఆ నమ్మకంతో వచ్చానంది. ఇది బాగా కుదిరితే తనకే ఇంకో రెండు హాస్టళ్లు ఉన్నాయని, వాటి పని కూడా మనకే ఇస్తానని చెప్పింది. మే నెలాఖరున గృహప్రవేశం.

ఆమె వెళ్లిపోయాక శ్యామన్న నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఇద్దరం చిన్నపిల్లల్లా నవ్వేశాం. ఆ మధ్యాహ్నమే లోపలికి పోయి తల్లికి చెప్పాడు. "అమ్మా, ఇగ ఫికర్ లేదు. గీ ఒక్క పనితోటి దుకాణం నిలవడ్తది." నేను విన్నాను. ఆ మాట చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

రెండు రోజులు మడికొండలో ఉండి అరవై కిటికీలు కొలిచి వచ్చాడు. సూరత్ నుంచి బట్ట దిగింది. బూడిద రంగు, ఆరు తానులు. ఒకవైపు బట్ట, రెండోవైపు రబ్బరులాంటి తెల్లటి పూత. వెలుగును ఆపేది ఆ పూతే. "తమ్మీ, పూత మీద మడత పడనీయకు, పగులుతది" అని నాకు పదిసార్లు చెప్పాడు. దుకాణంలో జాగా లేక తానులను వెనక గదిలో పెట్టించాడు. మర్నాడు ఆయనా వదినా, అంటే ఆయన భార్య ప్రేమలత, నర్సంపేటకు పెళ్లికి పోవాలి. వదిన అన్న కూతురి పెళ్లి, తప్పదు. రెండు రోజుల్లో వచ్చేస్తాం, వచ్చిన రోజే కోత మొదలుపెడదాం అన్నాడు.

నాకు పదిసార్లు చెప్పిన మనిషి తల్లికి ఒక్కసారి కూడా చెప్పలేదు. చెప్పాలని ఎలా తడుతుంది? ఆమెకు ఎనభై దాటాయి. మోకాళ్ల నొప్పులతో మూడేళ్లుగా హౌజు వైపే పోలేదు. ఈ మధ్య వచ్చేదంతా తడపక్కర్లేని పాలిస్టరు బట్ట, దాన్ని ఆమె కళ్లతో కూడా చూడలేదు.

రెండో రోజు మధ్యాహ్నం నేను టీ తాగడానికి రోడ్డు దాటి వెనక్కి చూశాను. డాబా పిట్టగోడ మీద బూడిద రంగువి ఏవో ఆరేసి ఉన్నాయి. పెద్దమ్మ కూలరు మీద కప్పే టార్పాలిన్లు ఉతికించిందనుకున్నాను. టీ తాగి వచ్చి, ఎవరిదో ప్యాంటు పొట్టి చేస్తూ కూర్చున్నాను. ఇరవయ్యారేళ్లు బట్టతో బతికినవాణ్ణి, రోడ్డు అవతలి నుంచి బట్టకూ టార్పాలినుకూ తేడా తెలియలేదు. నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆ సాయంత్రం నాలుగు దాటాక వాళ్లు నర్సంపేట నుంచి వచ్చారు. పెళ్లి లడ్డూలు ఇవ్వడానికి శ్యామన్న నన్ను లోపలికి పిలిచాడు. వెనక గదిలో మంచం మీద ఆరు తానులూ చక్కగా మడతలు పెట్టి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. పెద్దమ్మ పక్కన కూర్చుని ఉంది. ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఏం జూస్తానవ్‌రా? మొత్తం తడిపిచ్చిన. నేను, యాకమ్మ, యాకమ్మ కోడలు" అంది. యాకమ్మ ఆ ఇంట్లో అంట్లు తోముతుంది. "కానీ గంత గంజి పెట్టిన బట్ట నా జిందగిల సూడలేదురా. ఎనుకదిక్కు అట్ట కట్టినట్టు పెట్టిండ్రు దొంగలు. ఒక్క నీళ్లకు పోతదా? రాత్రంత నానవెట్టి, కొబ్బరి పీసుతోని రుద్దినం. సగం బరువు గంజే ఉండె. గా సూరతోల్లు నిన్ను ముంచుదామని సూసిండ్రు. మగ్గాల ఇంట్ల పుట్టినదాన్ని, నాకు తెల్వదా?"

నా చేతిలో లడ్డూ అలాగే ఉండిపోయింది. శ్యామన్న పై తాను మీద చేయి వేశాడు. మెల్లగా నిమిరాడు. వేళ్లకు తెల్లటి పొట్టు అంటుకుంది.

"నువ్వు నిలవడ్తది అంటివి గదా. నాకు పానం ఆగలే. రేపు ఒక్కరు గూడ గట్టయ్య దుకాణం బట్ట గుంజుకపోయింది అనద్దు" అంది పెద్దమ్మ.

"మంచిగ జేసినవమ్మా" అన్నాడు శ్యామన్న. "చేతులు నొస్తానయా?"

"నొస్తె నొచ్చినయ్ తీ."

ఆయన అల్మారాలో నుంచి నూనె సీసా తెచ్చి, కింద కూర్చుని, ఆమె రెండు చేతులకూ రాశాడు. నేను అక్కడ నిలబడలేక అరుగు మీదికి వచ్చేశాను.

కాసేపటికి ఒక తాను భుజాన వేసుకుని వచ్చాడు. పడమటి ఎండ సూటిగా అరుగు మీద పడుతోంది. బట్ట ఒక కొస నాకిచ్చి, రెండో కొస తాను పట్టుకుని, నడుమ తెరలా ఎత్తాడు. అక్కడక్కడ మిగిలిన పూత చేతి వెడల్పు అచ్చుల్లా ఉంది. మిగతాదంతా ఎండ జల్లెడలోంచి దిగినట్టు దిగుతోంది.

"తమ్మీ, నీ మొఖం కనవడ్తాంది" అన్నాడు.

సూరత్‌కు ఫోను చేశాం. ఆ రంగు మళ్లీ రావాలంటే ఇరవై రోజులన్నారు. గృహప్రవేశానికి తొమ్మిది రోజులుంది. హైదరాబాదులో తెలిసిన నాలుగు దుకాణాలకూ చేశాం, అంత బట్ట ఒక్క రంగులో ఎవరి దగ్గరా లేదు. వెనక నల్ల బట్ట అతికి ఒకటి కుట్టి చూశాను. బరువుకు రింగుల దగ్గర చిరిగింది, పైగా ముందువైపు నీటి మరకలు మ్యాపులా తేలి కనిపించాయి. మూడు రోజులు ఇలా కొట్టుకుని చివరికి చేతులెత్తేశాం. నాలుగో రోజు పొద్దున ఆయన చొక్కా మార్చుకుని వచ్చాడు.

"మేడం దగ్గరికి పోదాం నడు. కొలతలు తప్పి బట్టంత కోసిన అని చెప్తా."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అరుగు మీదే అరిచాను.

"నీకేమన్న పిచ్చి లేసిందా అన్నా? నువ్వు కొలత తప్పుడేంది? జరిగింది జరిగినట్టు చెప్పు. ముసలామెకు తెల్వక తడిపింది అంటె ఆమె గూడ మనిషే గదా!"

"జర మెల్లగ మాట్లాడు. మేడం వాళ్లమ్మ నెలకోసారి అమ్మను చూడనీకి వస్తది. ఒక్క నోట్ల పడితె తిరిగి తిరిగి అమ్మ చెవులనే పడ్తది. నాయిన దుకాణం తన చేతులతోటే మునిగింది అని తెలిస్తె అమ్మ ఎన్ని దినాలు బతుకుతది చెప్పు? అమ్మకు గూడ కొలతలే అని చెప్పిన. నువ్వు ఎవలకు చెప్పనని ఒట్టు పెట్టు."

నేను పెట్టలేదు. ఆయన నా చేయి తీసుకుని తన తల మీద పెట్టుకున్నాడు. ఆ తర్వాత నేనేం చేయగలను?

హాస్టల్లో రాజశ్రీ ఆయన చెప్పిందంతా విన్నది.

"అరవైల ఎన్ని తప్పినయ్ అంకుల్?"

"అన్ని తప్పినయ్ మేడం."

"అన్ని ఎట్ల తప్పుతయ్? ఒక్కో కిటికీ మూడుసార్లు కొలిసిండ్రు. నేను ఇక్కడ్నే ఉన్న గదా."

శ్యామన్న తలెత్తలేదు. "వయసు మీద పడ్డది మేడం. కండ్లు సరిగ కనవడ్తలేవు."

ఆమె అరిచి ఉంటే నాకు కొంత బాగుండేది. "ముందే చెప్తె వేరెటోల్లకు ఇచ్చుకుందు గదా అంకుల్" అని మాత్రం అంది. ఆమెకు పాపం అప్పటికే నెత్తి మీద పని చాలా ఉంది. నాలుగు రోజుల్లో ఎక్కడి నుంచో రెడీమేడు పరదాలు తెప్పించి కట్టించుకుంది. తిరిగి వస్తుంటే శ్యామన్న ఆటోలో బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఏడ్చాడు. అది నేను చూశానని ఆయనకు తెలుసు.

మిరుగం వచ్చింది. ఓంప్రకాశ్ షోరూమువాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. అన్న నోట కొలత తప్పిన మాట విని అతనూ నమ్మలేదు, నా ముఖంలోకి చూశాడు. నేను నేల చూపులు చూశాను. అరలు ఊడదీశారు. మిగిలిన జంపఖానాలు కొత్తవాడకే వెనక్కి పోయాయి. గట్టయ్య పేరున్న బోర్డు దించుతుంటే పెద్దమ్మ గోడ పట్టుకుని ముందుకు వచ్చింది. మూడేళ్లలో ఆమె దుకాణంలోకి రావడం అదే మొదటిసారి. రోడ్డు మీద జనం ఆగి చూస్తుండగా కొడుకును పట్టుకుని అందరి ముందూ దులిపేసింది.

"చేతుల టేపు వెట్టుకోని గిన్నేండ్లు ఏం జేసినవ్‌రా? అరవై కిటికీలు కొలుసుడు రాదా? నేను పానం తీసుకోని తడిపిస్తి, నువ్వు నీళ్లల్ల వోస్తివి! మీ నాయిన ఉంటె నిన్ను గడప తొక్కనిచ్చునా?"

"తప్పయిందమ్మా" అన్నాడు శ్యామన్న.

"తప్పంటె అయిపాయెనా?"

అసలు సంగతి నా నాలుక చివరి దాకా వచ్చింది. నాకు మొదటి నుంచీ నోటి దురుసు, ఊరంతటికీ తెలుసు. ఆ రోజు ఎలా ఆపుకున్నానో నాకే తెలియదు. మిషను ఎత్తుకుని మా ఇంటికి పోయాను.

అద్దెలో సగం వస్తుంది కనుక వాళ్లకు తిండికి లోటు లేదు. కానీ ముప్పై ఏళ్లు రోజూ తొమ్మిదింటికి షటరు ఎత్తిన మనిషి, ఇప్పుడు తొమ్మిదింటికి ఎక్కడికి పోతాడు? ఇంటి పక్క సందులో, డాబా మెట్ల మీద కూర్చునేవాడు. నెల రోజులు అలా చూసి, నేనే వెళ్లి కదిలించాను. బట్ట ముక్కలు ఒక సంచిలో వేసుకుందాం, అడిగిన ఇంటికి పోయి నువ్వు కొలువు, నేను ఇంట్లో కుడతాను, దుకాణం లేకపోతే చేయి ఉంది కదా అన్నాను. మొదట వద్దన్నాడు. రెండు మూడు రోజులకు తానే సంచి కుట్టించుకున్నాడు. కానీ మాట ఊరంతా పాకింది. ఒక ఇంట్లో కొలవనిచ్చి, ఆయన పోయాక ఇంటాయన మళ్లీ కొలుచుకున్నాడట. ఇంకొకరు తలుపు తీసి, "మల్ల చెప్తం" అన్నారు. మళ్లీ చెప్పలేదు.

పోయిన నెలలో భారతి టీచరు తానుగా వాళ్లింటికి వచ్చింది. గట్టయ్య కాలం నుంచి ఆ ఇంటి బట్టే వాడిన మనిషి. మడికొండలో ఫ్లాటు కొనుక్కుంది, పదకొండు కిటికీలు. శ్యామన్న కబురు పెడితే నేను పరుగున పోయాను. సందులో పెద్దమ్మ మంచం వేసుకుని కూర్చుని ఉంది. టీచరు ఆమె కాళ్లు ముట్టుకుని మొక్కి, పని సంగతి చెప్పింది. శ్యామన్న అప్పటికే సంచిలోంచి బట్ట ముక్కలు తీస్తున్నాడు. చాలా రోజుల తర్వాత ఆయన చేతుల్లో ఆ తొందర చూశాను.

పెద్దమ్మ టీచరు చేయి పట్టుకుంది.

"బిడ్డా, నువ్వు మా ఇంటి పిల్ల అసొంటిదానివి. నీకు అబద్ధం జెప్పద్దు. మా వోనికి ఇప్పుడు కొలత నిలుస్తలేదు. అరవై కిటికీలు పాడు జేసిండు. కొత్త ఇల్లు కొనుక్కున్నవ్, పైసలు వొట్టిగ పోగొట్టుకోకు. వేరెటోల్లను పిలుసుకో."

"అమ్మమ్మా, పదకొండే గదా..." అని టీచరు శ్యామన్న వైపు చూసింది. ఆయన ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే చాలు, పని ఇచ్చేసేలా ఉంది ఆమె చూపు. నేను నోరు తెరిచాను. శ్యామన్న నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు అచ్చులు పడేంత గట్టిగా పట్టుకున్నాడు.

"అమ్మ చెప్పేది నిజమే టీచరమ్మా" అన్నాడు. "నాకు కొలుసుడు వస్తలేదు. మంచోల్లను చూసుకోండ్రి."

టీచరు ఇబ్బంది పడుతూ, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. శ్యామన్న బట్ట ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి సంచిలో వేశాడు. పెద్దమ్మ కొడుకును దగ్గరికి పిలిచి, తల నిమిరింది.

"బాధపడకురా. దుకాణం పోతె పోయింది. గట్టయ్య ఇంట్ల మోసపోయినమని ఒక్కరన్న అన్నరా?"

"లేదమ్మా" అన్నాడు శ్యామన్న. "ఎవ్వరు అనలే."

ఆ రోజు తర్వాత ఆ ఇంటికి పరదాల కోసం ఎవరూ రాలేదు.